బెల్ పక్కన పేరు పడే దాకా

మా పిన్ని కూతురు ఈ అక్టోబర్‌లో మాస్టర్స్ కి జర్మనీ వెళ్తోంది. నిన్న సాయంత్రం వైజాగ్‌ కూర్మన్నపాలెంలో మా ఇంటికొచ్చింది, మేడ మీద చాపేసుకుని ఇద్దరం కూర్చున్నాం, కాసేపు ఆ కబురూ ఈ కబురూ చెప్పి చివరికి అడిగింది, "అక్కా, నీకు బెర్లిన్‌లో సెటిల్ అవడానికి ఎన్నాళ్ళు పట్టింది?" అని. ఇది అందరూ అడిగేదే, నేను మామూలుగా ఓ రెండు మూడు నెలలు అనేసి ఊరుకుంటా. కానీ ఇది రేపు అదే దారిలో వెళ్ళే పిల్ల, దీనికి ఉన్నది ఉన్నట్టు చెప్పాలనిపించింది. నాలుగు నెలల పదకొండు రోజులు అన్నా. అంత లెక్కగా ఎలా చెప్తున్నావక్కా అంది. ఎలాగంటే నేను అక్కడ దిగింది 2024 అక్టోబర్ 3న, మా బిల్డింగ్ గుమ్మంలో కాలింగ్ బెల్ పక్కన నా పేరు పడింది 2025 ఫిబ్రవరి 14న. ఆ రెండు తేదీల మధ్య నేను బెర్లిన్‌లో తిరిగాను, చదివాను, వండుకున్నాను, కానీ అక్కడ ఉన్నట్టు కాదు.

దానికి మొత్తం చెప్పేసరికి తొమ్మిదయింది, అమ్మ కింద నుంచి రెండుసార్లు అన్నానికి పిలిచింది. రాత్రి పడుకున్నాక ఇది రాసి పెడితే బాగుంటుంది కదా అనిపించింది. ఎందుకంటే మన డిగ్రీలు సరిచూసి జర్మనీ వాళ్ళిచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ గురించి, బ్లాక్డ్ అకౌంట్ గురించి, వీసా గురించి ద్వారకానగర్‌లో ఏ కన్సల్టెన్సీ మెట్లెక్కినా చెప్తారు, ఏడాదికి 11,904 యూరోలు అకౌంట్‌లో పెట్టాలి, అందులోంచి నెలకి 992 మాత్రమే చేతికొస్తాయి అని కూడా చెప్తారు. కానీ దిగాక అడ్రస్ అనే ఒక్క దాని చుట్టూ బతుకంతా తిరుగుతుందని నాకెవరూ చెప్పలేదు.

అక్టోబర్ 3 జర్మనీలో జాతీయ సెలవు, 1990లో రెండు జర్మనీలు ఒకటైన రోజు. నాకు తెలీదు. ఎయిర్‌పోర్ట్ నుంచి ట్రైన్‌లో నొయ్‌కోల్న్ అనే ఏరియాకి వచ్చా, రెండు సూట్‌కేసులు, భుజానికి బ్యాగు, చలి మరీ ఎక్కువ లేదు గానీ సన్నగా చినుకులు. దారిలో సూపర్ మార్కెట్లన్నీ మూసేసి ఉన్నాయి. గదికి చేరాక ఆ రోజంతా అమ్మ సర్దిచ్చిన మాడుగుల హల్వా, చెక్కలు, కుళాయి నీళ్ళు, అంతే. కుళాయి నీళ్ళు తాగొచ్చో లేదో అని కూడా భయమేసింది. తాగొచ్చు, నిక్షేపంగా తాగొచ్చు.

ఆ రోజు గుమ్మం ముందు నిలబడిన దృశ్యం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. ఐదంతస్తుల పాత బిల్డింగ్, తలుపు పక్కన ఇత్తడి పలక, దాని మీద వరసగా నలభై దాకా బెల్ బటన్లు. మన దగ్గర అయితే ఫ్లాట్ నంబర్ 302 అని ఉంటుంది కదా, అక్కడ నంబర్లు లేవు, అన్నీ ఇంటిపేర్లే. ముల్లర్, యిల్మాజ్, కోవాల్‌స్కి అని. కింద పోస్టు డబ్బాల మీద కూడా అవే పేర్లు. నేను దిగాల్సిన గది ఎవరిదో అబ్బాయిది, అతను ఆరు వారాలు ఊళ్ళో ఉండడని అద్దెకిచ్చాడు, కాబట్టి నేను అతని ఇంటిపేరు ఉన్న బటన్ నొక్కాలి, అతని డబ్బాలో తాళం పెట్టాలి. అప్పుడు ఇదేం పెద్ద విషయం అనిపించలేదు.

అక్కడ పద్ధతి ఏంటంటే, ఏదైనా ఇంట్లోకి మారిన రెండు వారాల్లోపు మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళి నేను ఫలానా అడ్రస్‌లో ఉంటున్నా అని నమోదు చేయించుకోవాలి. దీన్ని అన్‌మెల్డుంగ్ అంటారు, మన స్టూడెంట్స్ అందరి నోటా పొద్దున లేస్తే ఇదే మాట. దానికి అపాయింట్‌మెంట్ కావాలి, పాస్‌పోర్ట్ కావాలి, ఇవన్నిటికన్నా ముఖ్యంగా ఇల్లు ఇచ్చినవాళ్ళు, అవును ఈ అమ్మాయి మా ఇంట్లో ఉంటోంది అని సంతకం పెట్టిన కాగితం కావాలి. ఆ కాగితం లేకపోతే మిగతావేవీ కదలవు. అన్‌మెల్డుంగ్ అయితేనే పదకొండంకెల టాక్స్ నంబర్ పోస్టులో వస్తుంది, అది లేకుండా పార్ట్ టైం చేస్తే ఎక్కువ టాక్స్ పట్టేసుకుంటారు. చాలా బ్యాంకులు అదే అడుగుతాయి. రెసిడెన్స్ పర్మిట్‌కి అదే అడుగుతారు. నా వీసా మార్చి వరకే, ఈలోపు పర్మిట్‌కి అప్లై చేయాలి. అంటే ఒక మనిషి పెట్టే సంతకం మీద నా రెండేళ్ళ చదువు ఆధారపడి ఉంది.

నొయ్‌కోల్న్ అబ్బాయి సంతకం పెట్టనన్నాడు. అతని ఓనర్‌కి చెప్పకుండా నాకిచ్చాడట. నెలకి 650 యూరోలు కట్టా, పేరు మాత్రం లేదు. హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు ఆ అడ్రస్‌కే పంపించమన్నా, కేరాఫ్ రాయాలని నాకు తెలీదు, పోస్టతను డబ్బా మీద నా పేరు వెతికి లేదని వెనక్కి తీసుకెళ్ళిపోయాడు. ఇన్సూరెన్స్ వాళ్ళ మెయిల్‌లో కారణం రాసి ఉంది, "ఎంఫెంగర్ ఉన్‌బెకాంట్". అందుకునే మనిషి ఎవరో తెలీదు అని అర్థం. ద్వారకానగర్‌లో ఏవన్ దాకా, అంటే మొదటి మెట్టు దాకా నేర్చుకున్న జర్మన్‌తో డిక్షనరీ అక్కర్లేకుండా నాకు పూర్తిగా అర్థమైన మొదటి అఫీషియల్ వాక్యం అదే. ఆ మాట చదివి కిచెన్‌లో స్టూల్ మీద చాలాసేపు కూర్చుండిపోయా.

నవంబర్ మధ్యలో అక్కడి నుంచి ఖాళీ చేసి స్పాండావ్‌లో మన తెలుగు సీనియర్ల దగ్గరికి వెళ్ళా. ముగ్గురమ్మాయిలు, ఇద్దరు గుంటూరు వైపు, ఒకరు కరీంనగర్. ఉన్నవే రెండు గదులు, నాకు వంటింట్లో పరుపు వేసిచ్చారు. రెండు వారాలు ఒక్క యూరో తీసుకోలేదు. పొద్దున్నే ఎవరో ఒకరు టీ పెట్టుకోడానికి వచ్చి నన్ను లేపకుండా లైటు వెయ్యకుండా చీకట్లోనే స్టవ్ ముట్టించుకునేవాళ్ళు. వాళ్ళ రుణం నేనెప్పటికీ తీర్చుకోలేను. కానీ వాళ్ళింట్లో అప్పటికే ఉండాల్సిన మందే ఉన్నారు, నా పేరు అక్కడ కూడా రాయడానికి లేదు.

డిసెంబర్ నుంచి వెడ్డింగ్ అనే ఏరియాలో ఒక గది. గది ఇచ్చినాయన నేను వచ్చిన రోజు అన్‌మెల్డుంగ్ కాగితం ఇస్తానన్నాడు, 400 యూరోలు అడ్వాన్స్ తీసుకున్నాడు, తర్వాత ఇవాళ రేపు అని జనవరి దాకా లాక్కొచ్చి చివరికి కుదరదన్నాడు. ఆ 400 ఇప్పటికీ రాలేదు. వెళ్ళేవాళ్ళకి ఇక్కడొక మాట చెప్పాలి, నోటి మాట నమ్మొద్దు, డబ్బులిచ్చే ముందే ఆ సంతకం కాగితం చేతిలో పెట్టమనండి, గది చూడకుండా తాళం కొరియర్ చేస్తా డబ్బులు పంపు అన్నవాడికి అస్సలు పంపొద్దు, మా క్లాస్‌మేట్ ఒకతను అలా 800 పోగొట్టుకున్నాడు. అద్దె ఎక్కువైనా, కాలేజీకి గంట దూరమైనా సరే, పేరు రాసుకోనిచ్చే గదినే ఒప్పుకోండి. అడ్వాన్స్ కూడా చట్టం ప్రకారం మూడు నెలల కోల్డ్ రెంట్‌కి మించి అడగకూడదు, కోల్డ్ రెంట్ అంటే హీటింగ్, నీళ్ళు వగైరా కలపని అద్దె.

చదువు సంగతి త్వరగా చెప్పేస్తా, అది నిజానికి నన్ను ఏడిపించలేదు. టెక్నికల్ యూనివర్సిటీలో క్లాసు పది గంటలకి అని రాసుంటే పదింపావుకి మొదలవుతుంది, ఆ పావుగంట అక్కడ ఆచారం. క్లాసయ్యాక చప్పట్లు కొట్టరు, అందరూ బల్ల మీద వేళ్ళతో టకటకా కొడతారు, మొదటి రోజు ఏమైందో అని ఉలిక్కిపడ్డా. హార్డెన్‌బెర్గ్ వీధిలో క్యాంటీన్ ఉంది, మెన్సా అంటారు, మూడు నాలుగు యూరోల్లో కడుపు నిండుతుంది. ఏయూలో చదువుకున్న బేసిక్స్ నాకు చాలా పనికొచ్చాయి, సాయిల్ మెకానిక్స్‌లో మా గ్రూపులో లెక్కలు నేనే చేసేదాన్ని. పరీక్షకి మనమే విడిగా రిజిస్టర్ చేసుకోవాలి, డేట్ దాటితే ఎవరూ పిలిచి చెప్పరు, అదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. ఊళ్ళో ట్రైన్లకి గేట్లుండవు, టికెట్ లేకుండా ఎక్కినా ఎవరూ ఆపరు, మామూలు బట్టల్లో చెకింగ్ వాళ్ళు వస్తారు, దొరికితే 60 యూరోలు. స్టూడెంట్స్ కి సెమెస్టర్ ఫీజులోనే టికెట్ ఉంటుంది కాబట్టి ఆ భయం లేదు.

ఆ టికెట్ పుణ్యమాని నేను ఒక పని చేసేదాన్ని, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. బెర్లిన్ చుట్టూ రింగ్ ట్రైన్ ఉంది, 37 కిలోమీటర్లు, సరిగ్గా గంటలో బయల్దేరిన చోటికే తెస్తుంది. ఆదివారాలు దుకాణాలన్నీ బంద్, లైబ్రరీ త్వరగా మూసేస్తారు, గదికి వెళ్ళాలని ఉండదు, డిసెంబర్‌లో నాలుగు కాకముందే చీకటి పడిపోతుంది. అప్పుడు ఆ రింగ్ ఎక్కి కిటికీ పక్కన కూర్చుని రెండు రౌండ్లు తిరిగేదాన్ని. వెచ్చగా ఉంటుంది. వెళ్తుంటే అపార్ట్‌మెంట్ కిటికీల్లో పసుపు లైట్లు, మనుషులు కూరగాయలు తరుక్కుంటూ, పిల్లలు టేబుల్ దగ్గర రాసుకుంటూ కనిపిస్తారు. బెర్లిన్‌లో సముద్రం లేదు, వైజాగ్ వాళ్ళకి అది మొదట్లో తెలీకుండానే వెలితిగా ఉంటుంది, ఊరికి ఒక పక్క అంతం కనిపించదు కదా, ఎటు నడిచినా ఇళ్ళే. మనకి మనసు బాగోకపోతే అప్పికొండో ఆర్కే బీచో వెళ్ళి అలల వైపు మొహం పెట్టి కూర్చుంటాం. అక్కడ నాకు ఆ రింగ్ ట్రైనే బీచ్ అయింది.

ఇదంతా ఇంట్లో చెప్పలేదు. రోజూ వీడియో కాల్, రోజూ "బాగానే ఉన్నానమ్మా". అమ్మ మార్గశిర గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్ళి, లైన్‌లో మూడు గంటలు నిలబడి నా పేరున పూజ చేయించి ఫోటోలు పంపేది, అవి చూస్తే ఇంకా చెప్పలేకపోయేదాన్ని. నేను అక్కడికి వెళ్ళింది నాన్న పీఎఫ్‌లోంచి తీసిన డబ్బులతో. ఇంకో ఏడాదిలో రిటైర్మెంట్. ఆయనకి నేను వంటింట్లో పడుకున్నానని ఎలా చెప్తాను?

2025 భోగి జనవరి 13. మన దగ్గర తెల్లవారి ఐదున్నర అంటే అక్కడ రాత్రి ఒంటిగంట, చలికాలంలో నాలుగున్నర గంటలు తేడా. స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్ ఉక్కునగరంలో మా సెక్టార్ వీధి చివర మంట వేశారు, అమ్మ ఫోన్ అటు తిప్పి చూపించింది, పాత తలుపు చెక్కలు, తాటాకులు, పిల్లలు పిడకల దండలు పట్టుకుని నిలబడ్డారు. తర్వాత అమ్మ "ఏదీ నీ గది చూపించు, అక్కడ కూడా దీపం పెట్టుకున్నావా" అంది. నేను ఫోన్ గబగబా ఒకసారి తిప్పేశా. వెడ్డింగ్ ఆయన అంతకు ముందు రోజే కుదరదని చెప్పాడు, నెలాఖరుకి మళ్ళీ ఖాళీ చేయాలి. అమ్మ ఏం గమనించలేదు. నాన్న మాత్రం ఫోన్ తీసుకున్నారు. ముప్పై ఏడేళ్ళు మెయింటెనెన్స్‌లో చేసిన మనిషి, ఎక్కడ బోల్టు వదులైందో చూపు ముందు అక్కడికే పోతుంది.

"ఆ పెట్టి ఇంకా విప్పలేదేటమ్మా?" అన్నారు.

అవును, పెద్ద సూట్‌కేస్ గోడకి ఆనించి నిలబెట్టి ఉంది, అమ్మ కట్టిన ఎర్ర రిబ్బను కూడా హ్యాండిల్‌కి అలాగే ఉంది. మూడు నెలల నుంచి అందులోంచి కావాల్సినవి చెయ్యి దూర్చి తీసుకోవడమే, బట్టలు ఎక్కడా సర్దలేదు. ఏం చెప్పాలో తెలీలేదు. నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. ఇక ఆగలేదు, నొయ్‌కోల్న్, వంటిల్లు, 400 యూరోలు, వెనక్కెళ్ళిపోయిన కార్డు, మార్చిలో అయిపోయే వీసా, అన్నీ చెప్పేశా. నాన్న మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. మంట దగ్గర్నుంచి పక్కకి నడుస్తున్నారని వెనకాల చీకటి పెరగడం బట్టి తెలుస్తోంది. గోడ మీద కూర్చున్నట్టున్నారు.

తర్వాత ఆయన చెప్పింది నేను ఇరవై మూడేళ్ళలో ఎప్పుడూ వినలేదు, అమ్మ కూడా విననిదట.

1988లో నాన్న నరసన్నపేట దగ్గర మా ఊరి నుంచి స్టీల్ ప్లాంట్‌లో చేరడానికి వచ్చారు. అప్పటికి ప్లాంట్ ఇంకా కడుతున్నారు, మొదటి బ్లాస్ట్ ఫర్నేస్, అంటే ఇనుము కరిగించే పెద్ద కొలిమి, దాని పేరు గోదావరి, అది 1990లో గానీ మొదలవలేదు. పాత గాజువాకలో పెంకుటింట్లో ఒక గది, నలుగురు కుర్రాళ్ళు. ఇంటాయన మీ ఉత్తరాలు మా ఇంటికి రాకూడదు అన్నాడట, ఎందుకో ఇప్పటికీ తెలీదన్నారు నాన్న. అందుకని రోడ్డు మీద టీ కొట్టు కేరాఫ్ అడ్రస్. టీ కొట్టాయన వచ్చిన ఉత్తరాలు బిస్కెట్ల డబ్బాలో పెట్టి ఉంచేవాడు. నాన్న మా తాతకి ఇన్‌లాండ్ లెటర్లో రాసేవారట, కంపెనీ క్వార్టర్ ఇచ్చింది, ఫ్యాన్ కూడా ఉంది, భోజనానికి లోటు లేదు అని.

"నేనూ అలాగే రాసేనమ్మా మీ తాతకి. ఆరు నెలలు రాసేను. ఓ రోజు నైట్ డ్యూటీ దిగి టీ కొట్టుకొస్తే బెంచీ మీద మీ తాత కూర్చునున్నాడు, కాళ్ళ దగ్గర బియ్యం బస్తా. మావాడి క్వార్టర్ ఎక్కడో చూపించండి అని అడుగుతున్నాడు అందర్నీ."

తాత ఆ గదికి వచ్చి చూసి ఏమీ అనలేదట. చొక్కా విప్పి మేకుకి తగిలించి, నలుగురు కుర్రాళ్ళకీ ఆ పూట తనే అన్నం వండి, వంకాయ కాల్చి పచ్చడి చేసి పెట్టాడట. రాత్రి వాళ్ళ మధ్యనే పడుకున్నాడు. పొద్దున బస్సు ఎక్కేటప్పుడు మాత్రం, ఇకనుంచి ఉన్నది రాయరా, లేనిది రాస్తే నేను లేనిదానికి సంతోషపడుతున్నాను అన్నాడట.

మా తాత నాకు నాలుగేళ్ళప్పుడు పోయాడు. ఆయన మాట నాకు బెర్లిన్‌లో రాత్రి రెండింటికి అందింది.

ఆ తర్వాత గది దొరకడం కూడా ఇంట్లో చెప్పడం వల్లే జరిగిందని నేననుకుంటా. దాచుకునే బరువు లేకపోయేసరికి మర్నాడు క్లాసులో కూడా నోరు విప్పా. పోలండ్ నుంచి వచ్చిన క్లాస్‌మేట్ ఒకామె ఉంది, అంతకు ముందు ఆమెతో అసైన్‌మెంట్ల గురించి తప్ప మాట్లాడింది లేదు, ఆమెకి చెప్తే మా ఫ్లాట్‌లో ఒకమ్మాయి ఫిబ్రవరికి వెళ్ళిపోతోంది, వచ్చి చూడు అంది. గది మార్త్సాన్‌లో. ఊరికి తూర్పు చివర, పాత ఈస్ట్ జర్మనీ వాళ్ళు 1970ల చివర్లో మొదలుపెట్టి సిమెంట్ పలకలు తెచ్చి పేర్చి కట్టిన పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు, వాటిని ప్లాటెన్‌బావ్ అంటారు. అంత దూరమా అని స్టూడెంట్స్ ముఖం చిట్లిస్తారు. నేను ఎస్ 7 ట్రైన్ దిగి చూసి ఆగిపోయా. ఒకే రకం బిల్డింగులు వరసగా, మధ్యలో చెట్లు, బట్టలారేసిన బాల్కనీలు, కింద పిల్లల పార్కు. అచ్చం మా ఉక్కునగరం సెక్టార్. అద్దె 420. కాలేజీకి ముప్పావుగంట పైనే పడుతుంది. మొదటి రోజే హౌసింగ్ కంపెనీ పర్మిషన్ తీసుకుని సంతకం కాగితం ఇచ్చారు, అన్‌మెల్డుంగ్ అపాయింట్‌మెంట్ పది నిమిషాల పని, అక్కడి ఆవిడ టైప్ చేసి ఒక కాగితం ప్రింట్ తీసి స్టాంపు వేసి ఇచ్చింది. నాలుగు నెలల ఏడుపుకి పది నిమిషాలు.

ఫిబ్రవరి 14 శుక్రవారం పొద్దున హౌస్‌మైస్టర్ వచ్చాడు. బిల్డింగ్ బాగోగులు చూసే ఆయన, అరవై ఏళ్ళుంటాయి, బూడిద రంగు ఓవరాల్, చేతిలో చిన్న రేకు డబ్బా. మైనస్‌లో ఉంది చలి. నా ఇంటిపేరు ఇంగ్లిష్‌లో రాస్తే పన్నెండక్షరాలు, ఆ ప్లాస్టిక్ చీటీలో పట్టదని తల అడ్డంగా ఊపాడు. నేను అక్షరం అక్షరం జర్మన్‌లో చెప్పా, ఆయన పెదాలు కదుపుతూ రాసుకున్నాడు, పైకి చదివాడు, తప్పు. మళ్ళీ చదివాడు, తప్పు. నేను కుదించి రాసేయండి పర్లేదు అన్నా. ఆయన ఒప్పుకోలేదు. వ్యాన్ దగ్గరికి వెళ్ళి ఇంకాస్త సన్నక్షరాలతో కొట్టుకొచ్చాడు. స్క్రూడ్రైవర్‌తో పలక మూత తీసి, పాత చీటీ లాగేసి, కొత్తది దూర్చి, బొటనవేలితో రెండు చివర్లూ నొక్కి, జేబులోంచి గుడ్డ తీసి తుడిచి, మూడోసారి చదివాడు. ఈసారి సరిగ్గా చదివాడు. మా ఊళ్ళో పోస్ట్‌మాన్ పిలిచినట్టే. తర్వాత పోస్టు డబ్బాకి కూడా వేశాడు.

ఫోటో తీసి ఇంటికి పంపా. నాన్న రిప్లైగా మా క్వార్టర్ తలుపు మీదున్న నేమ్‌ప్లేట్ ఫోటో పంపారు, ప్లాంట్ వర్క్‌షాపులో ఫ్రెండ్ చేత స్టీల్ అక్షరాలు కోయించి తనే బిగించుకున్నది. కింద ఒక్క మాట కూడా రాయలేదు. పోయినేడు రిటైరయ్యి క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు దాన్ని తనే స్క్రూలు విప్పి పంచెలో చుట్టుకుని తెచ్చారట, ఇప్పుడు ఈ ఫ్లాట్ తలుపు మీద ఉంది, నేను మొన్న బెర్లిన్ నుంచి దిగి లిఫ్ట్ ఎక్కి వచ్చి మొదట ముట్టుకున్నది దాన్నే.

ఆ శుక్రవారం రాత్రి సూట్‌కేస్ విప్పా. రిబ్బను తీసి కిటికీ హ్యాండిల్‌కి కట్టా. అడుగున కంది పొడి డబ్బా ఒకటి మూత తీయకుండా అలాగే ఉంది.

పేరు ఉంటే ఏమవుతుందో తర్వాత వారాల్లో తెలిసింది. టాక్స్ నంబర్ వచ్చింది, ఇన్సూరెన్స్ కార్డు వచ్చింది, ఇంటికి నెలకి 18.36 యూరోలు చొప్పున రేడియో, టీవీ చందా కట్టాలని కూడా ఉత్తరం వచ్చింది, దాన్ని కూడా ఆనందంగా ఫైల్‌లో పెట్టా (అది ఫ్లాట్ మొత్తానికి ఒక్కటే, ముగ్గురం పంచుకున్నాం). ఇంకొకటి నేను ఊహించనిది. ఎదురు ఫ్లాట్ ఆవిడ వియత్నాం ఆవిడ, అంతకు ముందు రెండు వారాలు లిఫ్ట్‌లో తల ఊపడమే, పేరు పడ్డ మర్నాడు తలుపు కొట్టి, బెల్ మీద పేరు చదివింది, నువ్వు ఇండియానా, బియ్యం ఎక్కడ కొంటున్నావు అని అడిగింది. సూపర్ మార్కెట్లో కిలో ప్యాకెట్ అని చెప్తే అయ్యో అన్నట్టు చెయ్యి ఊపి, శనివారం ఎం 8 ట్రామ్‌లో లిష్టెన్‌బెర్గ్‌లోని డోంగ్ సువాన్ మార్కెట్‌కి తీసుకెళ్ళింది. పొడవాటి షెడ్లు, లోపల వీధికి వీధే వియత్నాం. పచ్చిమిర్చి, కొత్తిమీర కట్టలు, బెండకాయలు, 18 కిలోల బియ్యం బస్తాలు. పూర్ణా మార్కెట్లో నడిచినట్టే ఉంది, అదే తడి, అదే వాసన, అదే అరుపులు. బస్తా ఆవిడ ట్రాలీలో వేసుకుని వచ్చాం.

ఆవిడ 1987లో వచ్చిందట, బట్టల ఫ్యాక్టరీలో కాంట్రాక్ట్ మీద. ఈస్ట్ జర్మనీ ప్రభుత్వం వియత్నాంతో ఒప్పందం చేసుకుని పనివాళ్ళని తెప్పించుకునేది, 1989 నాటికి దాదాపు 60 వేల మంది ఉండేవాళ్ళు, బెర్లిన్ గోడ పడ్డాక ఫ్యాక్టరీలు మూతపడి చాలామంది వెనక్కెళ్ళిపోయారు, కొందరు మిగిలారు. హాస్టల్లో ఒక గదికి నలుగురం అని చెప్పింది. నాకు వెంటనే పాత గాజువాక గుర్తొచ్చింది. ఒక ఏడాది అటూ ఇటూగా మా నాన్న, ఈవిడా ఇద్దరూ కొత్త ఊళ్ళో నలుగురిలో ఒకరుగా పడుకున్నారు. నాకొచ్చిన జర్మన్‌లో, ఆవిడకొచ్చిన జర్మన్‌లో అది చెప్పడానికి చాలాసేపు పట్టింది, కానీ అర్థం చేసుకుంది, నా చెయ్యి పట్టుకుంది.

మార్చి రెండో వారంలో డబ్బాలో ఇండియా స్టాంపులున్న కవర్ ఒకటి కనిపించింది. నాన్న రాత. నా ఇంటిపేరు, పేరు, వీధి, నంబర్, పిన్, అన్నీ క్యాపిటల్ లెటర్స్‌లో, స్కేల్ పెట్టి గీసిన గీతల మీద రాసినట్టు. మేం రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నాం, ఉత్తరం రాశానని ఒక్కసారి కూడా చెప్పలేదు. గుమ్మంలో నిలబడే చించా. చిరంజీవి సౌభాగ్యవతి అని మొదలుపెట్టి, ఉభయకుశలోపరి అని, మామిడి పూత బాగా వచ్చిందని, అమ్మ మోకాలు నొప్పి తగ్గిందని, రిటైర్మెంట్ కాగితాలు తిరుగుతున్నాయని, సగం పేజీ. చివర్లో, ఈ ఉత్తరం అందితే ఫోన్ చేసి చెప్పొద్దు, ఉత్తరమే రాయవలెను, ఉన్నది ఉన్నట్టు రాయవలెను అని ఉంది.

రాశా. మూడు పేజీలు రాశా. పైన కుడివైపు మూలలో నా అడ్రస్, కింద తేదీ, చిన్నప్పుడు స్కూల్లో లేఖ రాయమంటే రాసినట్టు. ఇప్పుడు ఇంటికొచ్చి చూస్తే అది బీరువాలో ప్లాంట్ సర్వీస్ కాగితాలున్న ఫైల్‌లోనే ఉంది, మడతల దగ్గర మెత్తబడిపోయి.

ఉగాది దాకా ఉండి వెళ్తా. ఈలోపు చెల్లిని జగదాంబ తీసుకెళ్ళి ప్రెషర్ కుక్కర్, ఒక మంచి ఫైల్ ఫోల్డర్ కొనిపించాలి, చలి బట్టలు ఇక్కడ కొనొద్దన్నా, అక్కడే నయం. నిన్న రాత్రి అన్నాల దగ్గర ఈ ఉత్తరం సంగతి విని అది "పెదనాన్నా, నాక్కూడా రాస్తారా?" అని అడిగింది.

"ముందు అడ్రస్ పంపించమ్మా" అన్నారు నాన్న.